అమ్మా బాపు దుబాయ్ మెట్రోలో పోగలరా?

ప్రశ్న: మాది జగిత్యాల. తమ్ముడు దుబాయ్‌లో బనియాస్ స్క్వేర్ దగ్గర ఉంటాడు, వచ్చే నెల అమ్మను, బాపును విజిట్ వీసా మీద పిలిపించుకుంటున్నాడు. ఆ రోజు డ్యూటీ ఉంది, ఎయిర్‌పోర్టుకు రాలేనంటున్నాడు. ఇద్దరికీ ఇంగ్లిష్ రాదు, మెట్రో ఎప్పుడూ ఎక్కలేదు. నాకు టెన్షన్‌గా ఉంది, ఎవరైనా చెప్పండి.

జవాబు: అక్కా, మాది కోరుట్ల, తొమ్మిదేండ్లు అక్కడే పని చేసి వచ్చాను. ముందు టికెట్ మీద ఏ టెర్మినలో చూడండి. 1, 3 టెర్మినళ్లకు మెట్రో స్టేషన్ ఉంది, 2కు లేదు. మెట్రోలో మనిషికి ఒక పెద్ద పెట్టె, ఒక చిన్న పెట్టె మాత్రమే తీసుకెళ్లనిస్తారు, మనవాళ్లేమో సకినాలు, పచ్చళ్లు, కారం అన్నీ మూటలు కట్టుకుని పోతారు కాబట్టి మొదటి రోజు మాత్రం టాక్సీలోనే పొమ్మని వాళ్లకు చెప్పండి, డబ్బులకు చూసుకోవద్దు.

తర్వాత తిరగడానికి మెట్రోను మించింది లేదు. మెట్రోలో, బస్సులో టికెట్‌కు బదులు వాడే నోల్ కార్డు కొనాలి. సిల్వర్ కార్డు 25 దిర్హాములు, అందులో 19 బ్యాలెన్స్ ఉంటుంది. దూరాన్ని బట్టి ఆ బ్యాలెన్స్‌లోంచి 3, 5, లేదా 7.5 దిర్హాములు కోసుకుంటుంది. ఇద్దరికీ వేర్వేరు కార్డులు ఉండాలి. మన ఆర్టీసీలో కండక్టరే మన దగ్గరికి వస్తాడు, అక్కడ బస్సులో డబ్బులు అసలు తీసుకోరు, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ కార్డు మిషన్‌కు ఆనించాల్సిందే. దిగేటప్పుడు చాలామంది మర్చిపోతారు, ఇది అమ్మకు రెండుసార్లు చెప్పండి.

ఒకవేళ ఎయిర్‌పోర్టు నుంచి మెట్రోలోనే పోవాల్సి వస్తే, ఎయిర్‌పోర్టు రెడ్ లైన్ మీద ఉంది, తమ్ముడి స్టేషన్ గ్రీన్ లైన్ మీద. యూనియన్ స్టేషన్‌లో దిగి మారాలి, కరీంనగర్ నుంచి వచ్చి పెద్దపల్లిలో బండి మారినట్టే. టెర్మినల్ 3లో ఎక్కితే యూనియన్ ఐదో స్టేషన్, అక్కడ క్రీక్ స్టేషన్ వైపు పోయే గ్రీన్ లైన్ బండి ఎక్కితే మొదటిదే బనియాస్ స్క్వేర్. స్టేషన్ల పేర్లు తెలుగులో రాసి బాపు జేబులో పెట్టండి. మన పెద్దవాళ్లకు కొంచెం ఉర్దూ వస్తుంది కదా, అది చాలు, స్టేషన్‌లో అడిగితే హిందీలో చెప్పేవాళ్లు దొరుకుతారు.

మెట్రో బండిలో కొంత భాగం ఆడవాళ్లకు, పిల్లలకే. బాపు పొరపాటున అందులో నిలబడినా 100 దిర్హాముల ఫైన్. లోపల ఏమన్నా తిన్నా తాగినా కూడా 100, మంచినీళ్లకైనా అంతే. షుగర్ ఉన్నవాళ్లయితే ఎక్కకముందే ఏదైనా తిని ఎక్కమనండి.

ఇంకొకరి జవాబు: మాది మెట్‌పల్లి. అన్న చెప్పినదానికి తోడు ఒకటి, ఆదివారం మెట్రో పొద్దున 8 దాకా మొదలవదు, మిగతా రోజులు 5కే మొదలవుతుంది.

ప్రశ్న: చాలా థాంక్స్ అన్నా. బాపుకు పడవ ఎక్కాలని ఉందట, దానికీ ఈ కార్డేనా?

జవాబు: దానికి కార్డు వద్దక్కా. డేరా ఒడ్డు నుంచి అవతలి బర్ దుబాయ్ ఒడ్డుకు క్రీక్ (ఊరి మధ్య ఉన్న ఉప్పునీటి పాయ) దాటించే పాత అబ్రా పడవకు మనిషికి 1 దిర్హామే, చేతికే ఇవ్వాలి. చిల్లర దగ్గర పెట్టుకోమనండి. పొద్దుగూకే వేళ ఎక్కితే చల్లగా ఉంటుంది.