దగ్గరివాడు ఎడిటర్ అయితే కథకు మేలా, చేటా?

రేవుగట్టు:
నా కథ ఒకటి సంకలనానికి తీసుకున్నారండి. ఎడిటర్ గారితో ముఖపరిచయం లేదు, ఆవిడది ఇటువైపూ కాదు. "పంటు దిగి గట్టెక్కాడు" అని నేను రాస్తే, ప్రూఫుల్లో "పంటలో దిగి గట్టెక్కాడు" అయి కూర్చుంది! నరసాపురం నుంచి సఖినేటిపల్లికి గోదావరి దాటించేది పంటు. మనుషులతో పాటు మోటార్‌సైకిళ్లూ ఎక్కుతాయి. మావాడు దాన్ని వదిలేసి వరిచేలో పడ్డాడు. ఇక తాత పాత్ర అనే "ఆయ్"లన్నీ "అవును"లైపోయాయి. పాపం, టీవీలో వార్తలు చదివేవాడిలా తయారయ్యాడు. ఇదివరకు నా కథలన్నీ డిగ్రీలో నాతో చదివినవాడే చూసేవాడు. ఒక్క మాట చెడలేదు. రచయితకు దగ్గరివాడే ఎడిటర్‌గా ఉండాలంటాను. కాదంటారా?

ప్రూఫుల మనిషి:
కాదంటాను. ఒక పత్రికలో పదిహేనేళ్లు డెస్కులో పనిచేశాను. పంటు విషయంలో తప్పు ఎడిటర్ గారిదే. తెలియని మాట తగిలితే పక్కన ప్రశ్న గుర్తు పెట్టి ఫోన్ చేయాలి. కానీ మీ స్నేహితుడు "దాళ్వా అంటే ఏంటి" అని ఎప్పుడైనా అడిగాడా? అడగడు, తనకు తెలుసు కాబట్టి.

కోనసీమ రైతు కథ ఒకటి నా దగ్గరికొచ్చింది. ఈసారి దాళ్వాకి, అంటే రెండో వరిపంటకి, కాలవ నీళ్లివ్వరని కబురొస్తుంది, ఆ రాత్రే అన్నదమ్ములు వేరుపడతారు. ఆయన స్నేహితులంతా అద్భుతం అన్నారట. నేను మెట్ట ఊళ్లో పుట్టినవాణ్ణి. ఒక్క పంటకి ఇల్లు ఎందుకు విడిపోయిందో నాకు అంతుపట్టలేదు. ఫోన్ చేశాను. పావుగంట చెప్పాడు: సార్వా, అంటే మొదటి పంట, తుఫానుకి నేలకొరిగింది, దాళ్వా చూసుకుని అన్న అప్పు చేశాడు, తమ్ముడికి చెప్పలేదు. ఇదంతా ఆయన మనసులో ఉంది, కాగితం మీద లేదు. ఆ పావుగంటలోంచి నాలుగు వాక్యాలు కథలోకి వచ్చాయి. ఊరివాడు చదివుంటే అవి పుట్టేవే కావు.

లంకవాసి:
అడిగే ఎడిటర్ దొరికితే సరేనండి. అయినా స్నేహం ఉన్నంత మాత్రాన కథకు కాపలా ఉన్నట్టు కాదు. అమెరికాలో కథకుడు రేమండ్ కార్వర్, ఎడిటర్ గోర్డన్ లిష్ పాత స్నేహితులే. కార్వర్ కథని 1971లో పెద్ద పత్రికలో వేసింది లిష్షే. అదే లిష్ తర్వాత ఆయన కథల్ని దాదాపు సగానికి కోసి పుస్తకం సిద్ధం చేశాడు. అచ్చు ఆపమని 1980 జూలైలో కార్వర్ బతిమాలుతూ ఉత్తరం రాశాడు. ఆగలేదు. 1981లో వచ్చిన ఆ పుస్తకంతోనే బోలెడు పేరొచ్చింది, అదో తమాషా. కోయని ప్రతి 2009లో గానీ పుస్తకంగా రాలేదు, అప్పటికి ఆయన పోయి ఇరవయ్యేళ్లు దాటింది. మేలు చేసినవాడికి "వద్దు" అని చెప్పడం తేలికా?

రేవుగట్టు:
మరి నన్నయ గారి మాటేంటండి? మన రాజమహేంద్రవరంలోనే కదా, భారతం మొదట్లో నారాయణభట్టు తోడ్పాటు చెప్పుకున్నాడు. అర్జునుడికి కృష్ణుడిలా అన్నాడు. ఇష్టుడు, సహాధ్యాయుడు అని కూడా అన్నాడు. అంటే క్లాస్‌మేటే!

ప్రూఫుల మనిషి:
ఆ భట్టు గారు ఏం కొట్టేశారో చూద్దామంటే ప్రూఫులు మిగల్లేదు కదండీ. ముందు మీ ఎడిటర్ గారికి ఫోన్ చేయండి.

రేవుగట్టు:
చేశాను. "పంటు" తిరిగి పెట్టేశారు, సారీ కూడా చెప్పారు. "ఆయ్"ల మీద బేరం నడుస్తోంది. పదకొండులో నాలుగు ఉంచుతానంటున్నారు. మా క్లాస్‌మేట్‌కి చెప్తే "నాలుగు చాల్లేరా, నాకూ ఎప్పుడూ ఎక్కువే అనిపించేవి" అన్నాడు. మరి ఇన్నాళ్లూ నోరు విప్పలేదేంటో.