కొత్త భాష నేర్చుకోవడానికి భాషాభాగాలు అవసరమా? ఇంగ్లీషు ఎనిమిది గళ్ళలో అన్ని భాషలూ ఇముడుతాయా?

మూడో భాష:
జపనీస్ మొదలుపెట్టి ఏడు నెలలైంది. ఇంతకుముందు ఇంగ్లీషు, కొంత హిందీ నేర్చుకున్నాను. అలవాటు కొద్దీ నోట్‌బుక్‌లో నౌన్, ప్రొనౌన్, అడ్జెక్టివ్, వెర్బ్, అడ్వెర్బ్, ప్రిపొజిషన్, కంజంక్షన్, ఇంటర్జెక్షన్ అని ఎనిమిది గళ్ళు గీసి, నేర్చుకున్న ప్రతి మాటనీ ఒక గడిలో వేస్తూ వచ్చాను. రెండు నెలలు బాగానే సాగింది, తర్వాత ఇరుక్కుపోయాను. "తకయి" అంటే ఎత్తైన, ఖరీదైన అని అర్థం కాబట్టి అడ్జెక్టివ్‌లో వేశాను. తీరా చూస్తే అది "తకకత్త" అని భూతకాలంలోకి వెళ్తుంది, "తకకునయి" అని వ్యతిరేకార్థంలోకి వెళ్తుంది. భూతకాలం ఉన్న విశేషణం ఏమిటో నాకు అర్థం కాలేదు. నాతో పాటు నేర్చుకుంటున్న ఒకరు ఈ గళ్ళన్నీ చింపేయమంటున్నారు, వినడం మాట్లాడడం చాలు, వ్యాకరణం దానంతట అదే వస్తుందంటున్నారు. నాకు రెండూ కావాలి: అసలు ఈ గళ్ళు అవసరమా కాదా, అవసరమైతే ఎవరి గళ్ళు? సూటిగా చెప్పండి.

వాడుకే గురువు:
చింపేయండి. తెలుగు నేర్చుకునేటప్పుడు ఎవరైనా మనకి నామవాచకం, క్రియ అని చెప్పారా? ఎదుటివాళ్ళని కూడా కలుపుకుంటే "మనం", వాళ్ళని వదిలేస్తే "మేము" అని మూడేళ్ళ పిల్లలు తప్పు లేకుండా వాడతారు, ఆ నియమం వాళ్ళకి ఎవరూ నేర్పలేదు. స్టీఫెన్ క్రాషెన్ అనే భాషాపరిశోధకుడు 1980లలోనే ఈ మాట గట్టిగా వాదించాడు. అర్థమయ్యే మాటలు బోలెడన్ని వింటే భాష లోపలికి ఇంకుతుంది, చదివి నేర్చుకున్న నియమం మనం అన్నదాన్ని సరిచూసుకోవడానికి తప్ప మాట్లాడడానికి పనికిరాదు అని. నేను హిందీ పూర్తిగా వినే నేర్చుకున్నాను. ఒక్క వ్యాకరణ పుస్తకం తెరవలేదు, ఏ టెన్షనూ లేకుండా గంటలు గంటలు మాట్లాడతాను.

పాఠాల టీచర్:
వాడుకే గురువు గారూ, మీరు చెప్పింది పిల్లల విషయంలో నిజం. పెద్దవాళ్ళ విషయంలో నేను ఒప్పుకోను, ఎందుకంటే పదేళ్ళుగా తెలుగు మాతృభాష అయిన పెద్దవాళ్ళకి ఇంగ్లీషు చెప్తున్నాను. ఒక తప్పు నాకు ప్రతి బ్యాచ్‌లో కనిపిస్తుంది: "షి ఈజ్ హ్యాపీలీ". ఇంగ్లీషు బాగా వినేవాళ్ళు, సినిమాలు చూసేవాళ్ళు కూడా రాస్తారు. ఇది ఎక్కడినుంచి వస్తోంది? తెలుగులో "ఆమె సంతోషంగా ఉంది" అంటాం. "ఆమె సంతోషంగా పాడింది" అన్నా అదే మాట. మనకి రెండు చోట్లా "-గా" చాలు. ఇంగ్లీషులో మొదటిచోట అడ్జెక్టివ్ రావాలి, రెండోచోట అడ్వెర్బ్ రావాలి. మన భాష ఒకటిగా చూసేదాన్ని ఆ భాష రెండుగా విడదీస్తోంది. వెయ్యిసార్లు విన్నా ఈ తేడా చాలామంది చెవికి ఆనదు, ఎందుకంటే అర్థం ముందే తెలిసిపోయింది, ఇక చివర ఏముందో పట్టించుకునే అవసరం లేదు. అదే "ఉంది" ఉన్నచోట "-గా"ని ఇంగ్లీషులోకి తీసుకెళ్ళకండి అని ఒక్కసారి రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టి చూపిస్తే, వారంలో సగం మంది తమంతట తామే దిద్దుకుంటారు. ఆ మాట చెప్పాలంటే నాకు అడ్జెక్టివ్, అడ్వెర్బ్ అనే పేర్లు కావాలి కదా.

రిచర్డ్ ష్మిట్ అనే భాషాపరిశోధకుడు 1983లో ఒక జపనీస్ చిత్రకారుడి గురించి రాశాడు. ఆయన హవాయికి వచ్చి స్థిరపడ్డాడు, ఎక్కడా క్లాసుకి వెళ్ళలేదు, చుట్టూ ఇంగ్లీషే. దాదాపు మూడేళ్ళలో ధారాళంగా మాట్లాడగలిగాడు, స్నేహాలు చేశాడు, పనులు చక్కబెట్టుకున్నాడు. వ్యాకరణం మాత్రం దాదాపు ఉన్నచోటే ఉండిపోయింది. వినడం తక్కువై కాదు ఇది.

మిమ్మల్ని ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. "నేను రొట్టె తిన్నాను" అని హిందీలో ఎలా అంటారు?

వాడుకే గురువు:
"మై రోటీ ఖాయా" అంటాను. తప్పని నాకు తెలుసు, "మైనే రోటీ ఖాయీ" అనాలని ఒకరిద్దరు చెప్పారు కూడా. కానీ ఇన్నేళ్ళలో అర్థం కాలేదన్నవాళ్ళు ఒక్కరూ లేరు. భాష ఎదుటివాళ్ళకి అర్థం కావడానికే కదా? తప్పు లేకుండా మాట్లాడాలని నోరు కట్టేసుకుని కూర్చున్నవాళ్ళని నేను చాలామందిని చూశాను, వాళ్ళకంటే నేనే నయమని నిజంగా నమ్ముతున్నాను.

పాఠాల టీచర్:
భయపడి మాట్లాడకపోవడం కంటే తప్పుగా మాట్లాడడమే మేలు, అందులో మీతో వంద శాతం ఏకీభవిస్తాను. కానీ మీ వాక్యంలో జరుగుతున్నది చూడండి. తెలుగులో క్రియ మారితే కర్తని బట్టే మారుతుంది, తిన్నాను, తిన్నావు, తిన్నాడు. హిందీలో ఇలాంటి సకర్మక క్రియ (కర్మ ఉండే క్రియ) భూతకాలంలో కర్తకి "నే" తగిలించి, క్రియని కర్మతో కలుపుతుంది. రోటీ స్త్రీలింగం కాబట్టి ఖాయీ, ఆమ్ పుంలింగం కాబట్టి ఖాయా. తిన్నది ఆడా మగా అన్నదానితో సంబంధం లేదు. కర్త, కర్మ, సకర్మకం అనే మూడు మాటలు తెలిసినవాళ్ళకి ఇది ఒక్క నిమిషంలో చెప్పొచ్చు. తెలియనివాళ్ళు పదేళ్ళు విన్నా "ఒకసారి ఖాయా, ఒకసారి ఖాయీ అంటారేంటో" అనే దగ్గరే ఆగిపోతారు.

నిఘంటువు ప్రేమికురాలు:
వాదన అంతా "వ్యాకరణం కావాలా వద్దా" అనే వైపే పోతోంది. మూడో భాష గారి రెండో ప్రశ్న, ఎవరి గళ్ళు అన్నది, నాకు ఎక్కువ ముఖ్యంగా కనిపిస్తోంది.

ఆ ఎనిమిది ఆకాశం నుంచి ఊడిపడలేదు. క్రీస్తుకు పూర్వం సుమారు 100 ప్రాంతంలో డయొనీసియస్ థ్రాక్స్ పేరు మీద ఉన్న గ్రీకు వ్యాకరణంలో ఎనిమిది ఉన్నాయి, కానీ అవి మనం బడిలో చదివినవి కావు. అందులో అడ్జెక్టివ్ విడిగా లేదు, నామంలోనే భాగం. ఆర్టికల్‌కి (ఇంగ్లీషు "ది" లాంటిది) ఒక గడి, పార్టిసిపుల్‌కి (క్రియ నుంచి పుట్టి విశేషణంలా వాడే మాట) ఒక గడి ఉన్నాయి. రోమన్లు దాన్ని లాటిన్‌కి తెచ్చుకున్నారు. లాటిన్‌లో ఆర్టికల్ లేదు. మరి ఏడు అవ్వాలి కదా? ఇంటర్జెక్షన్‌ని విడిగా తీసి నిలబెట్టి మళ్ళీ ఎనిమిది చేశారు. ఇంగ్లీషు వ్యాకరణాల్లో అడ్జెక్టివ్‌కి సొంత గడి స్థిరపడింది 18వ శతాబ్దంలో. అంటే లెక్క ఎనిమిది దగ్గరే ఉంది, లోపలి సరుకు మాత్రం భాష భాషకీ మారుతూ వచ్చింది.

మిగతా సంప్రదాయాలు ఇంకో రకంగా లెక్కపెట్టాయి. సంస్కృతంలో యాస్కుడు నామం, ఆఖ్యాతం (క్రియ), ఉపసర్గ, నిపాతం అని నాలుగన్నాడు. పాణినికి పదం రెండే రకాలు, సుబంతం (చివర సుప్ అనే విభక్తి ప్రత్యయం ఉన్నది), తిఙంతం (చివర క్రియా ప్రత్యయం ఉన్నది). అవ్యయాలకి కూడా సుప్ ప్రత్యయం చేరి లోపించిందని చెప్పి వాటినీ మొదటి దాంట్లోనే కలిపేశాడు. తమిళంలో తొల్కాప్పియం అనే పాత వ్యాకరణం పెయర్ (నామం), వినై (క్రియ), ఇడై, ఉరి అని నాలుగు చెప్తుంది. అరబ్బీలో 8వ శతాబ్దపు వ్యాకర్త సీబవైహి తన గ్రంథాన్ని మొదలుపెట్టడమే మూడింటితో: ఇస్మ్ (నామం), ఫిఇల్ (క్రియ), హర్ఫ్ (ఈ రెండూ కానివి). మన బడి పుస్తకాల్లో నామవాచకం, సర్వనామం, విశేషణం, క్రియ, అవ్యయం అని అయిదు. ఇన్ని లెక్కలున్నప్పుడు ఒక్క ఇంగ్లీషు లెక్కనే జపనీస్ మీద ఎందుకు రుద్దాలి?

యంత్రానువాదం:
రుద్దకూడదన్నది సరే. కానీ ఒక్కో భాషకి ఒక్కో లెక్క అంటూ కూర్చుంటే రెండు భాషల్ని పోల్చడమే కుదరదు. నేను చేసే పని భాషల మధ్య సాఫ్ట్‌వేర్‌ది. యూనివర్సల్ డిపెండెన్సీస్ అని ఒక ప్రాజెక్టు ఉంది, వందకి పైగా భాషల వాక్యాల్ని ఒకే పద్ధతిలో గుర్తు పెడతారు, తెలుగు కూడా ఉంది. అందులో అన్నిటికీ కలిపి 17 పదవర్గాలు. ప్రిపొజిషన్ అని పెట్టలేదు, ముందు వచ్చినా వెనక వచ్చినా పట్టేలా ఆడ్‌పొజిషన్ అని పెట్టారు. నిఘంటువు తెరిచినా ప్రతి మాట పక్కన ఏదో ఒక వర్గం రాసి ఉంటుంది. ఉమ్మడి పేర్లు లేకపోతే నేర్చుకునేవాళ్ళు దాన్ని వాడుకోలేరు. అరబ్బీవాళ్ళకి మూడే అని సంతోషపడొచ్చు గానీ, సర్వనామాలూ విశేషణాలూ అన్నీ ఇస్మ్ అనే ఒకే సంచిలో పడేస్తే నేర్చుకునేవాళ్ళకి ఒరిగేదేంటి?

నిఘంటువు ప్రేమికురాలు:
చాలా ఒరుగుతుంది, అరబ్బీ నేర్చుకున్నాను కాబట్టి చెప్తున్నాను. "బైత్ కబీర్" అంటే ఒక పెద్ద ఇల్లు. "అల్‌బైత్ అల్‌కబీర్" అంటే ఆ పెద్ద ఇల్లు. "అల్‌బైత్ కబీర్" అంటే ఇల్లు పెద్దది, అది పూర్తి వాక్యం. కబీర్ అనే మాట నామంలాగే "అల్" తగిలించుకుంటుంది, నామంలాగే విభక్తి పుచ్చుకుంటుంది. నేను దాన్ని ఇంగ్లీషు అడ్జెక్టివ్ గడిలో పెట్టుకున్నన్నాళ్ళూ "అల్" ఒక్కసారే రావాలనుకుని, "ఆ పెద్ద ఇల్లు" అనబోయి "ఇల్లు పెద్దది" అనేదాన్ని. ఇది ఇస్మ్, పక్కనున్న ఇస్మ్ ఎలా ఉంటే అలా ఉండాలి అని అర్థమయ్యాక ఆ తప్పు మళ్ళీ చేయలేదు. అదే సంచి నాకు ఉపయోగపడింది.

యంత్రానువాదం:
ఇది నేను ఆలోచించలేదు. నిజమే, నా 17 గుర్తులు పోల్చడానికి చేసినవి, ఒక భాషలో కూర్చుని వాక్యం కట్టడానికి చేసినవి కావు. అయినా నిఘంటువు సంగతి వదులుకోను.

జపనీస్ చెప్తాను:
మూడో భాష గారూ, మీ ఇబ్బంది జపనీస్‌ది కాదండీ, అర్థాన్ని బట్టి గడి నిర్ణయించడంలో ఉంది. బడిలో "పనిని తెలిపేది క్రియ, పేరును తెలిపేది నామవాచకం" అని నేర్పారు, మనం దాన్నే మోసుకు తిరుగుతున్నాం. తెలుగులోనే ఇది నిలవదు. "పరుగు" అంటే పనే, కానీ పరుగుతో, పరుగులో అంటాం కాబట్టి నామం. "తెలుసు"లో పని ఎక్కడుంది? పైగా నాకు తెలుసు, నీకు తెలుసు, వాళ్ళకి తెలుసు, అది మారనే మారదు. "మీద" ఇంగ్లీషువాళ్ళకి ప్రిపొజిషన్, మనకి మీదకి, మీదనుంచి అని విభక్తులు తగిలించుకుని నామంలా తిరుగుతుంది. అన్నిటికంటే నాకు ఇష్టమైంది ఇది: నేను టీచర్‌ని, నువ్వు టీచర్‌వి, మేము టీచర్లం. టీచర్ అనే నామం క్రియలాగా పురుషని బట్టి మారుతోంది! ఇది రోజూ మన నోట్లో ఉన్నా ఎవరూ ఆగి చూడరు. ఇంగ్లీషు గళ్ళలో దీనికి చోటు లేదు.

కాబట్టి ఏమిటీ మాట అని అడక్కండి, దీనికి వెనక ఏం తగులుతుంది, ఇది ఎలా మారుతుంది అని అడగండి. "తబెరు" (తిను) భూతకాలం "తబెత", వ్యతిరేకం "తబెనయి". "తకయి" భూతకాలం "తకకత్త", వ్యతిరేకం "తకకునయి". రెండూ తమంతట తామే మారతాయి, రెండూ వాక్యాన్ని ముగిస్తాయి. అందుకే జపనీస్ బడి వ్యాకరణం ఈ రెండిటినీ మారే మాటల గుంపులో పక్కపక్కన పెడుతుంది. ఇంకో అందం కూడా ఉంది. "తబెనయి"ని భూతకాలంలోకి తెస్తే "తబెనకత్త" అవుతుంది, అంటే క్రియ వ్యతిరేకార్థంలోకి వెళ్ళగానే తకయి దారిలో నడుస్తుంది. ఇది చూసిన రోజు ఇక ఆ రెండిటినీ వేరు గళ్ళలో పెట్టబుద్ధి కాదు.

వాడుకే గురువు గారి మాట కూడా కొట్టేయను. ఈ మార్పులు పట్టికలో చూసి మాట్లాడలేరు, వందలసార్లు విని, అని చూడాలి. నారిస్, ఒర్టెగా అనే ఇద్దరు పరిశోధకులు 2000లో 49 పరిశోధనల్ని కలిపి చూస్తే నియమం విడమరిచి చెప్పిన బోధనే మెరుగ్గా తేలింది, కానీ అందులో చాలా పరీక్షలు ఆ నియమాలు తెలిసినవాళ్ళకే అనుకూలంగా ఉండేవన్న విమర్శా ఉంది. స్వేచ్ఛగా మాట్లాడేటప్పుడు ఎంత నిలుస్తుందన్నది వేరే లెక్క.

మూడో భాష:
అందరికీ చాలా థ్యాంక్స్ అండి. నిన్న రాత్రి నోట్‌బుక్ మొదటినుంచీ తిరగేశాను. ఎనిమిది గళ్ళు తీసేసి రెండు పెద్ద భాగాలు చేశాను, తమంతట తాము మారేవి ఒకటి, మారనివి ఒకటి. తకయి, తబెరు ఒకే పేజీలోకి వచ్చాయి, చూడగానే తెరిపిగా అనిపించింది. ప్రతి మాటకీ మూడు రూపాలు రాసి, మూడూ పైకి అంటున్నాను. "కిరేయి" (అందమైన) దగ్గర మళ్ళీ ఆగాను. చివర "యి" ఉంది కాబట్టి తకయి పక్కనే వేసి "కిరేకత్త" అన్నాను, వింటున్న ఆవిడ నొసలు ముడిచింది.

జపనీస్ చెప్తాను:
ఆ తప్పు చేయనివాళ్ళు లేరండీ. "కిరేయి" తనంతట తాను మారదు, చివరి శబ్దం చూసి మోసపోతాం. భూతకాలంలో "కిరేయి దత్త" అంటారు, నామాలకి వాడే "దత్త"నే దీనికీ తోడు తెచ్చుకుంటారు. ఇంకో మాట ముందుకి తేవాలంటే మధ్యలో "న" కావాలి, "కిరేయి న హన", అందమైన పువ్వు. తకయికి ఆ "న" అక్కర్లేదు. దాన్ని మీ రెండో భాగంలో నామాల పక్కన, "న" అని చిన్న గుర్తు పెట్టి రాసుకోండి. రేపు "షిజుక" (నిశ్శబ్దమైన) వస్తుంది, అదీ అక్కడికే.