ఒకే భాష ఉంది కాబట్టే చైనా ఎదిగిందా?

తాబేలు:
మొన్న మా పిన్నివాళ్ల గృహప్రవేశం. భోజనాలయ్యాక మా పెద్ద మావయ్య ఎప్పటిలాగే దేశం మీద పడ్డాడు. "చైనా వాణ్ణి చూడరా. ఒకే దేశం, ఒకే భాష. మనకేమో ఇరవై రెండు. ఇంక ఎదిగినట్టే" అన్నాడు. అక్కడ కూడా బోలెడు భాషలున్నాయి మావయ్యా అంటే, "అవి యాసలురా" అని కొట్టిపారేశాడు.

నాకు తెలిసింది కొంతే. అధికారికంగా అక్కడ 56 జాతులు. అందులో హాన్ జాతివాళ్లే 91 శాతం పైన. కానీ ఆ హాన్‌లలో కూడా, గ్వాంగ్‌జౌ మనిషి కాంటొనీస్‌లో మాట్లాడితే బీజింగ్ మనిషికి ముక్క అర్థం కాదు. షాంఘై మాటా అంతే. ప్రభుత్వం వీటన్నిటినీ 'ఫాంగ్‌యాన్' అంటుంది, అంటే ఫలానా ప్రాంతపు మాట అని. మావయ్య యాస అన్నది దాన్నే అనుకుంటా.

మనం మాండరిన్ అంటున్నదాన్ని వాళ్లు పుతోంగ్‌హువా అంటారు. అది దేశాన్ని కలిపిందా, మిగతా భాషల్ని మింగిందా? ఆధారాలతో చెప్పండి, మావయ్యకి ఫార్వర్డ్ చేయాలి.

సెకండ్‌హ్యాండ్ సైకిల్:
మీ మావయ్య మాటలో సగం నిజముంది. 1912లో రాచరికం పోయేసరికి అక్కడ రాత ఒకటే, మాట మాత్రం జిల్లాకొకటి. అక్షరాల ఉచ్చారణ ఖరారు చేద్దామని 1913లో బీజింగ్‌లో సభ పెట్టారు. ఆరున్నర వేల అక్షరాలు. ఒక్కోదాన్ని ఎలా పలకాలో రాష్ట్రానికో ఓటు చొప్పున తేల్చారు. అంతా కొట్లాటే. దక్షిణాది ప్రతినిధి ఒకాయన పక్కవాళ్లతో రిక్షా సంగతి ఏదో మాట్లాడుతుంటే, ఉత్తరాది నుంచి వచ్చిన వాంగ్ ఝావోకి అది బూతులా వినిపించి, చొక్కా చేతులు మడిచి మీదికి వెళ్లాడని ఇప్పటికీ చెప్పుకుంటారు.

రిక్షాకీ బూతుకీ తేడా తెలియకపోతే దేశం ఎలా నడుస్తుంది? సిచువాన్ పల్లె నుంచి షెన్‌జెన్ ఫ్యాక్టరీకి వెళ్లిన అమ్మాయికి సూపర్‌వైజర్ మాట అర్థం కావాలిగా. అక్కడి విద్యాశాఖ లెక్కల్లో 2000 ప్రాంతంలో పుతోంగ్‌హువా వచ్చినవాళ్లు 53 శాతం, 2020కి 80 దాటారు. బడులు, టీవీలు పెట్టి కష్టపడి నేర్పారు. అందులో తప్పేముంది?

పాతపేపర్:
సైకిల్ గారూ, మీ లెక్కే మీకు అడ్డం తిరుగుతోంది చూసుకోండి. చైనా పరుగు మొదలైంది 1978 చివర్లో. ఇరవై ఏళ్లు పరిగెత్తాక కూడా దాదాపు సగం మందికి పుతోంగ్‌హువా రాదనే కదా ఆ 53 అర్థం? మరి ఒకే భాష ఉండటం వల్ల ఎదిగిందనడం ఎలా కుదురుతుంది? జనం పనుల కోసం ఊళ్లు దాటాక ఆ భాష పాకింది. 1949లో మావో తియానన్‌మెన్ మీద నిలబడి ప్రకటన చదివింది చిక్కటి హునాన్ యాసలో. సంస్కరణలు తెచ్చిన డెంగ్ షియావోపింగ్‌ది చివరిదాకా సిచువాన్ యాసే.

ఉప్పుచేప:
కాంటొనీస్ ఒక్క ఓటు తేడాతో జాతీయ భాష కాకుండా పోయిందటగా? మొదటి అధ్యక్షుడు సన్ యట్ సెన్ తన సొంత భాష అయినా మాండరిన్‌కే ఓటేశాడని ఒక వీడియోలో చూశాను. భలే త్యాగం అనిపించింది.

పాతపేపర్:
కట్టుకథ బ్రదర్. ఆ 1913 సభ ఈ భాషా ఆ భాషా అని ఎంచుకోవడానికి పెట్టింది కాదు. అప్పటికి సన్ యట్ సెన్ అధ్యక్ష పదవి వదిలేసి ఏడాది అవుతోంది. మన దగ్గర హిందీ ఒక్క ఓటుతో నెగ్గిందని చెప్పుకుంటారే, అలాంటిదే ఇదీ. హిందీ సంగతి ఇక్కడ ఎత్తకండి, చర్చ పక్కదారి పడుతుంది.

అసలు కథ అంతకన్నా సరదాగా ఉంటుంది. ఆ సభ తేల్చిన ఉచ్చారణలో బీజింగ్ పలుకుబడికి దక్షిణాది ధ్వనులు కొన్ని కలిపారు. ఎవర్నీ నొప్పించకూడదని చేసిన కిచిడీ. దాంతో అది ఏ ఊరివాడికీ పుట్టుకతో వచ్చిన మాట కాకుండా పోయింది. భాషా పండితుడు జావో యువాన్‌రెన్ ఆ ఉచ్చారణతో గ్రామఫోన్ పాఠాలు రికార్డు చేశాడు. కోట్లమంది మాట్లాడాల్సిన ఆ భాషని పదమూడేళ్లు తానొక్కణ్ణే మాట్లాడానని తర్వాత జోకేసుకున్నాడు. చివరికి 1932లో ఆ కలగూరగంప పక్కనపెట్టి బీజింగ్ ఉచ్చారణకే వచ్చారు.

ఇంకోటి, పేర్లు గమనించండి. రాజుల కాలంలో 'గ్వాన్‌హువా', అంటే ఆఫీసర్ల మాట. రిపబ్లిక్ వచ్చాక 'గ్వోయు', దేశ భాష. కమ్యూనిస్టులు 1955లో ఆ పేరు వదిలేసి 'పుతోంగ్‌హువా' ఖాయం చేశారు, అంటే అందరికీ ఉమ్మడి మాట. ఒక భాషనే దేశ భాష అంటే మంగోలులు, టిబెటన్లు, ఉయ్ఘర్ల మీద హాన్‌లు రుద్దినట్టుంటుందని అప్పట్లో ఆ జాగ్రత్త. 2000లో చేసిన చట్టం పేరు మాత్రం 'దేశ ఉమ్మడి భాష, లిపి చట్టం'. 'దేశ' అన్న మాట మళ్లీ పేరులోకొచ్చి కూర్చుంది. నన్నడిగితే చైనా భాషా రాజకీయం అంతా ఆ ఒక్క మాట వెళ్లిపోవడంలో, తిరిగి రావడంలో ఉంది.

చలిపులి:
నేను ఎంబీబీఎస్ చేసింది ఝెజియాంగ్ రాష్ట్రంలో. ఊరూ కాలేజీ పేర్లు వద్దులెండి. క్లాసులు ఇంగ్లీషులో. వార్డుకి వెళ్లాలంటే మాత్రం చైనీస్ రావాలి, హెచ్‌ఎస్‌కే పరీక్షకి కిందామీదా పడి చదివాం. పాసయ్యాక నాకు చైనీస్ వచ్చేసిందని ఊళ్లో అమ్మకి కూడా చెప్పాను.

వార్డులో రెండోరోజే ఒక ముసలమ్మ వచ్చింది. కడుపు పట్టుకుని గబగబా ఏదో చెబుతోంది. నాకు ఒక్క మాట తెలియలేదు. నా చైనీస్ ఇంతేనా అని సిగ్గుపడి పక్కనున్న జూనియర్ డాక్టర్ వైపు చూశాను. ఆయనది షాన్‌డాంగ్ రాష్ట్రం, ఆయనా నాలాగే నిలబడ్డాడు. చైనా దేశస్థుడు, చైనా ముసలమ్మ, మధ్యలో గోడ. లోకల్ నర్సు ఎక్కడికో వెళ్లింది. అప్పుడు ఆమె మనవడు, పదేళ్లుంటాయేమో, ఫోన్‌లో గేమ్ ఆపి, "నొప్పి కడుపులో కాదంట, వెనక నుంచి పొడుచుకొస్తోందంట" అని పుతోంగ్‌హువాలో చెప్పాడు. డాక్టర్ ముఖంలోకి ప్రాణం వచ్చింది.

తర్వాత ఆ పిల్లాణ్ణి అడిగాను, నీకు నానమ్మ మాట బాగా వచ్చా అని. "తింగ్ ద దోంగ్, బూ హుయ్ ష్వో" అన్నాడు. వింటే అర్థమవుతుంది, మాట్లాడటం రాదు. వాళ్ల నానమ్మతో కూడా వాడు పుతోంగ్‌హువాలోనే మాట్లాడుతున్నాడు. ఆమె తన మాటలో జవాబిస్తోంది. వాళ్లెనకాల గోడ మీద బోర్డు, 'దయచేసి పుతోంగ్‌హువాలో మాట్లాడండి' అని.

సెకండ్‌హ్యాండ్ సైకిల్:
చూశారా, నేను చెప్పింది ఇదే. ఆ పిల్లాడికి పుతోంగ్‌హువా రాకపోతే ఆమె నొప్పి ఎక్కడో ఎవరికీ తెలిసేది కాదు.

చలిపులి:
నేనూ ఆ రోజు అలాగే అనుకున్నాను సైకిల్ గారూ. రూముకొచ్చాక ఇంకో ఆలోచన వచ్చింది. వాడికి పెళ్లయి పిల్లలు పుట్టేసరికి ఆ అనువాదం చేసేవాళ్లు కూడా ఉండరు. ఊరి ముసలివాళ్ల మాట డాక్టరుకి నాలుగు ముక్కలు నేర్పాలని ఎవరికీ తోచలేదు, బోర్డు పెట్టాలని తోచింది. నాకు ఇప్పటికీ ఎటూ తేలదు.

ఉప్పుచేప:
మరి జనం ఊరుకున్నారా?

పాతపేపర్:
అన్నిచోట్లా ఊరుకోలేదు. 2010లో ఆసియా క్రీడల ముందు గ్వాంగ్‌జౌ టీవీ చానల్లో పుతోంగ్‌హువా కార్యక్రమాలు పెంచాలని నగర సలహా మండలిలో ప్రతిపాదన వస్తే, జులైలో జనం రోడ్డెక్కారు. వాళ్లంతా హాన్‌లే, గుర్తుంచుకోండి. దేశాన్ని కాదన్నవాళ్లు కాదు, వార్తలు మా మాటలో వినాలన్నవాళ్లు.

హాన్‌లు కానివాళ్ల దగ్గర లెక్క వేరు. రాజ్యాంగం 4వ అధికరణం, ప్రతి జాతికీ తన భాష, లిపి వాడుకునే, పెంచుకునే స్వేచ్ఛ ఉందంటుంది. 19వది, పుతోంగ్‌హువాని ప్రభుత్వం దేశమంతా వ్యాప్తి చేస్తుందంటుంది. 1982 నుంచీ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. షీ జిన్‌పింగ్ వచ్చాక బరువు రెండోదాని మీద పడింది. 'చైనా జాతి అంతా ఒక్కటే సమాజమన్న స్పృహని గట్టిపరచడం' అనే మాట 2017లో పార్టీ నియమావళిలోకే ఎక్కింది. 2020 సెప్టెంబరులో లోపలి మంగోలియా (చైనాలోనే ఉన్న ఇన్నర్ మంగోలియా) బడుల్లో మొదట భాషావాచకం, ఆ తర్వాతి ఏళ్లలో రాజకీయం, చరిత్ర మంగోల్ నుంచి పుతోంగ్‌హువాకి మారుతాయన్నారు. తల్లిదండ్రులు పిల్లల్ని బడికి పంపడం మానేశారు.

ఎర్రబస్సు:
మళ్లీ మొదలైంది పాశ్చాత్య ప్రచారం. మంగోల్ భాషని నిషేధించారా? మిగతా సబ్జెక్టులు అప్పుడు మంగోల్‌లోనే ఉంచారు కదా. పెద్ద చదువులకి, ఉద్యోగాలకి పనికొచ్చే భాష పిల్లలకి నేర్పితే ఏడుపెందుకు? మన పిల్లల్ని ఇంగ్లీష్ మీడియంలో వేసుకుని వాళ్ల గురించి కన్నీళ్లు కారుస్తున్నారు.

పాతపేపర్:
నిషేధం అని నేనూ అనలేదు. ఇంగ్లీష్ మీడియం దెబ్బ తగిలింది, ఒప్పుకుంటాను, మా పిల్లదీ అదే మీడియం. కానీ ఆ బడి మేం ఎంచుకున్నాం. లోపలి మంగోలియాలో ఉన్న మీడియాన్ని పైనుంచి మార్చారు.

ఇక ప్రచారం అంటారా, వాళ్ల పార్లమెంటు సొంత మాటే చెబుతాను. మైనారిటీ బడుల్లో ఆ జాతి భాషలోనే బోధించాలని కొన్నిచోట్ల ఉన్న స్థానిక నిబంధనలు 19వ అధికరణానికి సరిపడవని 2021 జనవరిలో దాని శాసన వ్యవహారాల కమిషన్ చెప్పింది. 4వది ఏమైందని అడగాలి కదా? అడిగినవాడొకడున్నాడు. తాషి వాంగ్‌చుక్ అని టిబెటన్ దుకాణదారు. మా పిల్లలకి టిబెటన్ సరిగ్గా నేర్పండి, లేదంటే స్థానిక ప్రభుత్వం మీద కేసు వేస్తానన్నాడు. విడిపోతామనలేదు. ఒక అమెరికన్ పత్రిక వీడియోలో ఆ మాటలు చెప్పినందుకు 2016లో పట్టుకెళ్లి, వేర్పాటువాదాన్ని రెచ్చగొట్టాడని అయిదేళ్లు వేశారు. 2021లో బయటికొచ్చాడు.

సెకండ్‌హ్యాండ్ సైకిల్:
తాషి వాంగ్‌చుక్ విషయంలో నాకు వాదన లేదు, అది అన్యాయమే. కానీ దీన్ని ఉత్తి కమ్యూనిస్టు రోగంగా చూడకండి. కమ్యూనిస్టుల్ని ఆగర్భశత్రువులనుకున్న చియాంగ్ కై షేక్ పార్టీ తైవాన్‌లో ఏం చేసింది? బడిలో తైవానీస్ మాట్లాడితే ఫైను, మెడలో పలక. అక్కడా గ్వోయునే దేశభక్తి అన్నారు.

పాతపేపర్:
నూటికి నూరుపాళ్లు నిజం. రెండు పార్టీలూ ఆ 1913 సభకి వారసులే. ఒక్క తేడా. తైవాన్ 2019లో చట్టం చేసి, హక్కా, తైవానీస్, ఆదివాసీ భాషలు అన్నిటినీ జాతీయ భాషలే అంది. మాండరిన్ ఎక్కడికీ పోలేదు, దేశం ముక్కలూ కాలేదు.

ఎర్రబస్సు:
రెండున్నర కోట్ల జనం కూడా లేని దీవినీ నూట నలభై కోట్ల దేశాన్నీ ఒకే తక్కెడలో పెడితే ఎలా?

తాబేలు:
ఇదంతా మావయ్యకి పంపాను. చదివాడో లేదో గానీ, "మన నోటు మీద పదిహేడు భాషలు, వాడి నోటు మీద ఒక్కటే, అదీ క్రమశిక్షణ" అని జవాబిచ్చాడు. మన నోటు వెనక వరుసలో తెలుగు కింది నుంచి రెండోది అని నాకు తెలుసు, చైనా నోటు ఎప్పుడూ చూడలేదు. చలిపులి గారూ, మీ దగ్గరేమైనా మిగిలిందా?

చలిపులి:
ఒక యువాన్ నోటు ఉంది, పాత పాస్‌పోర్టులో. ముందువైపు మావో బొమ్మ, చైనీస్ అక్షరాలు. వెనక బ్యాంకు పేరు చాలాసార్లు ఉంది. నిలువుగా గొలుసు వేలాడినట్టున్నది మంగోల్ లిపి. టిబెటన్ చూడగానే తెలిసిపోతుంది, మన దగ్గర బౌద్ధ జెండాల మీద ఉండేదే. ఉయ్ఘర్‌ది అరబిక్ లిపి. ఇంకా ఇంగ్లీషు అక్షరాల్లో రెండుసార్లు రాశారు, ఒకటి పిన్‌యిన్, అంటే చైనీస్‌ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పద్ధతి. రెండోది ప్రింటు తప్పేమో, స్పెల్లింగ్ అంతా తేడాగా ఉంది. జెడ్‌లే జెడ్‌లు.

పాతపేపర్:
తప్పు కాదు. అది జువాంగ్. గ్వాంగ్‌షీ వైపు వాళ్లు, దాదాపు రెండు కోట్ల మంది, మైనారిటీల్లో అందరికన్నా ఎక్కువ. 1957లో వాళ్లకి లాటిన్ అక్షరాల ఆధారంగా లిపి ఇచ్చారు.

చలిపులి:
అయిదేళ్లున్నాను అక్కడ. ఇన్నాళ్లూ దాన్ని పిన్‌యిన్ అనుకున్నాను.