పూల్ నీళ్లు లాన్‌లోకి వదిలితే గడ్డి చస్తుందా?

ప్రశ్న (ఎండాడ): మా అపార్ట్‌మెంట్‌లో టైల్స్ ఊడి, పూల్ మొత్తం ఖాళీ చేయాల్సి వచ్చిందండి. పొడవు 8 మీటర్లు, వెడల్పు 4, లోతు 1.2. ఈ ఎండల్లో అన్ని నీళ్లు డ్రైనేజీ పాలు చేయాలంటే మనసొప్పడం లేదు. పక్కనే 100 చదరపు మీటర్ల లాన్ ఉంది. వదిలేయొచ్చా? క్లోరిన్‌కి గడ్డి మాడిపోతుందని వాచ్‌మన్ ఒకటే టెన్షన్ పెడుతున్నాడు.

జవాబు (మధురవాడ): క్లోరిన్ సంగతి తర్వాత, ముందు లెక్క చూడండి. మీ పూల్‌లో సుమారు 38 వేల లీటర్లు పడతాయి. ఒకేసారి వదిలితే లాన్ మీద 38 సెంటీమీటర్లు, దాదాపు మోకాలి లోతు! గడ్డికి ఒక తడికి 2,500 లీటర్లు చాలు. అంటే పదిహేను తడులన్నమాట. మన ఎర్రమట్టి పైన గట్టిపడి ఉంటే నీళ్లు దిగవు, పల్లానికి పారిపోతాయి. మేమొకసారి తొందరపడి మోటార్ వేసేస్తే పక్కవాళ్ల ప్రహరీ కింద మడుగు కట్టింది. ఆ ఇంటావిడ పెట్టిన చీవాట్లు ఇప్పటికీ గుర్తే.

క్లోరిన్‌కి విరుగుడు ఎండే. మందు వేయడం ఆపేసి, రోజూ టెస్ట్ కిట్ గొట్టంలో నీళ్లు పట్టి చుక్కలు వేయండి. పసుపు రంగు తేలడం ఆగిపోయిందంటే వదలొచ్చు. మీరు వాడేది స్టెబిలైజర్ ఉన్న టాబ్లెట్లయితే ఇంకొన్ని రోజులు పడుతుంది, దాని పనే ఎండకి క్లోరిన్ పోకుండా ఆపడం. అలాగని వారాల తరబడి ఉంచకండి, దోమలు గుడ్లు పెడతాయి.

అన్నట్టు, మీది సాల్ట్ పూలా? అంటే నీళ్లలో ఉప్పు కలిపి, దాని నుంచే మెషీన్‌తో క్లోరిన్ తయారుచేసుకునే రకం.

ప్రశ్న: ఇప్పుడే మోటార్ రూమ్‌లోకి వెళ్లి చూశానండీ. గోడవారగా ఉప్పు బస్తాలున్నాయి.

జవాబు: అయితే వద్దే వద్దు. అలాంటి పూల్‌లో లీటరుకి 3 గ్రాముల దాకా ఉప్పు ఉంటుంది. మీ నీళ్లలో 115 కిలోలు, రెండు బస్తాల పైమాటే. క్లోరిన్‌లా ఇది ఎండకి ఎగిరిపోదు. నీళ్లు ఆవిరైనా ఉప్పు మట్టిలోనే మిగిలి, ఆకు కొసలు మాడిపోతాయి. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) జోనల్ ఆఫీసులో ఒక మాట అడిగి, డ్రైనేజీలోకే కొంచెం కొంచెంగా వదలండి.

మీ వాచ్‌మన్ మాట కరెక్టే, కారణమే వేరు.