అప్‌డేట్: తమ్ముడి టైప్ రేటింగ్ సంగతి

200 గంటలు ఎగిరి సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) తెచ్చుకున్న తమ్ముడికి పొలం అమ్మి ఎయిర్‌బస్ ఏ320 టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడపడానికి కావాల్సిన ప్రత్యేక అర్హత) చేయించాలా అని కావలి నుంచి ఇక్కడ మిమ్మల్ని అడిగింది నేనే.

2023లో ఎయిరిండియా 470, ఇండిగో 500 విమానాలు ఆర్డరిచ్చాయని చూసి ఎగబడ్డాం. మీరు చెప్పాక తెలిసింది, ఆర్డర్ వేరు, డెలివరీ వేరు. అవి ఏళ్ల తరబడి విడతలుగా వస్తాయట. కొన్ని పాతవాటి స్థానంలోకే పోతాయి, వాటితో కొత్త కొలువులేం పెరగవు. ఏ320 రేటింగ్‌తో ఏ321 నడపొచ్చు గానీ ఏటీఆర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానానికి మళ్లీ వేరే రేటింగ్. అంటే ఏ కంపెనీ ఏ విమానం కొంటుందన్న దాన్నిబట్టే మన డబ్బుకి ఫలితం!

అమ్మయితే ఒక్క మాటలో తేల్చేసింది: "విమానం రాకముందే డ్రైవర్‌కి ఖర్చేంట్రా?"

పొలం అమ్మలేదు. ముందు కంపెనీల పరీక్షలు రాస్తాడు, ఎంపికైతేనే రేటింగ్. వాడికి కాస్త అలకే. నాన్నకి మాత్రం టెన్షన్ తగ్గింది, నాట్లకి దిగారు.