తిరుపతి సదస్సులో పోస్టర్, పరిచయాలు, ఆ తర్వాత ఉద్యోగం: తెలిసినవాళ్ళు చెప్పండి

బైరాగిపట్టెడ_స్కాలర్:
వచ్చే నెల మన ఊళ్ళో మూడు రోజుల జాతీయ సదస్సు, బయోకెమిస్ట్రీ వైపు. నా పోస్టర్ తీసుకున్నారు. ఆరు నెలల్లో థీసిస్ సబ్మిట్ చేయాలి. ఆ తర్వాత పోస్ట్‌డాకో (పీహెచ్‌డీ అయినాక చేసే పరిశోధన ఉద్యోగం) కంపెనీనో తేలాలి. బయటి నుంచి వచ్చే ప్రొఫెసర్లతో మాట ఎట్లా కలపాలి? ముందే మెయిల్ పెట్టొచ్చా? విజిటింగ్ కార్డులు కొట్టించాలా? పోస్టర్ ఏ సైజు? వలంటీర్‌గా పేరివ్వమని డిపార్ట్‌మెంట్‌లో అడుగుతా ఉండారు, ఇవ్వాలా వద్దా?

ఏర్పేడు_రోడ్డు:
ముందే పెట్టాల తమ్ముడూ. అక్కడికి పోయినాక పట్టుకుందాం అంటే కుదరదు, ప్లీనరీ, అంటే ప్రధాన ఉపన్యాసం, ఇచ్చే మనిషి చుట్టూ ఎప్పుడూ నిర్వాహకులే ఉంటారు. ఉపన్యాసకుల జాబితా బయటికి రాగానే నలుగురైదుగురిని ఎంచుకో. ఒక్కొక్కరిదీ ఈమధ్య వచ్చిన పేపర్ ఒకటి పూర్తిగా చదువు. అబ్‌స్ట్రాక్ట్‌తో ఆపొద్దు, మెథడ్స్ దాకా పో. మెయిల్ పది రోజుల ముందు పోవాల, ఆరు వాక్యాలు దాటకూడదు: నువ్వెవరు, చేతిలో ఏ టెక్నిక్ ఉంది, వాళ్ళ పేపర్లో ఏ ప్రయోగం మీద నీకు ప్రశ్న ఉంది, నీ పోస్టర్ నంబరు, ఏ రోజు ఏ పూట అక్కడ నిలబడి ఉంటావు, పది నిమిషాలు ఇస్తారా. అంతే. బయోడేటా తగిలించొద్దు. "మీ ల్యాబ్‌లో ఖాళీ ఉందా సార్" అని మొదటి మెయిల్లో రాస్తే ఆ మెయిల్ అక్కడే ఆగిపోతుంది.

జీతం తెచ్చుకునే దారి నీ దగ్గరే ఉంటే వాళ్ళు వినే తీరు మారుతుంది. పరిశోధనకు డబ్బిచ్చే కేంద్ర సంస్థ ఏఎన్‌ఆర్‌ఎఫ్ వాళ్ళ నేషనల్ పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్ ఉంది, ఇంతకుముందు సెర్బ్ అనే సంస్థ ఇచ్చేది. రెండేళ్ళు. వయసు 35 లోపు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, మహిళలు, దివ్యాంగులకు ఐదేళ్ళ సడలింపు. థీసిస్ సబ్మిట్ చేసి డిగ్రీ కోసం చూస్తున్నవాళ్ళు కూడా పెట్టుకోవచ్చు. దానికి మెంటార్ ఒప్పుకోలు తప్పనిసరి. కాబట్టి నువ్వు ఉద్యోగం అడగొద్దు. "ఈ ఫెలోషిప్‌కి మెంటార్‌గా ఉంటారా, రెండు పేజీల ఆలోచన రాసి పంపనా" అని అడుగు.

కొర్లగుంట_ల్యాబ్:
పోస్టర్ సంగతి ఎవరూ చెప్పలేదు. బ్రోచర్లో రాసిన సైజే చూడు, వేరే ఊహ వద్దు. ఏ0 అని ఉంటే 84.1 × 118.9 సెం.మీ. నిలువా అడ్డమా అని ఫోన్ చేసి కనుక్కో. మన దగ్గర అద్దెకు తెచ్చే బోర్డులు చాలా చోట్ల మూడడుగుల వెడల్పే, అడ్డం ఏ0 పక్కవాడి పోస్టర్ మీదికి పోతుంది. పవర్‌పాయింట్‌లో మొదటే స్లైడ్ సైజు సెంటీమీటర్లలో పెట్టి మొదలుపెట్టు. చిన్న స్లైడ్ చేసి చివర్లో పెద్దది చేస్తే జెల్ బొమ్మలు చుక్కలు చుక్కలుగా పగిలిపోతాయి. శీర్షిక 85 పాయింట్లకు తగ్గొద్దు, లోపలి అక్షరం 28. మొత్తం 500 మాటలు దాటితే ఎవరూ నిలబడి చదవరు. ఫైలు పీడీఎఫ్‌లోనే ఇవ్వు, పీపీటీ ఇస్తే షాపు కంప్యూటర్లో ఫాంటు మారి గ్రీకు అక్షరాలన్నీ డబ్బాలైపోతాయి. ఫ్లెక్సీ మీద మాత్రం కొట్టించొద్దు.

లీలామహల్_ప్రింట్:
ఫ్లెక్సీ ఎందుకు వద్దు? ఈ ఊళ్ళో పోస్టర్లలో ఎక్కువ భాగం ఫ్లెక్సీ మీదే పోతాయి. నవంబరు, డిసెంబరు వానల్లో కాగితం తీసుకొని బైక్ మీద పోతే ఏం మిగులుతుంది?

కొర్లగుంట_ల్యాబ్:
హోర్డింగు మిషన్ మీద కొట్టిన ఫ్లెక్సీలో గ్రాఫు అక్షాల మీది అంకెలు పూసుకుపోతాయి. దూరం నుంచి చూసే బొమ్మకు పెట్టిన మిషన్ అది. సైన్స్ పోస్టర్‌ను రెండడుగుల దూరం నుంచి చదువుతారు.

లీలామహల్_ప్రింట్:
అది మిషన్ తేడా, ఫ్లెక్సీ తప్పు కాదు. హోర్డింగులు కొట్టే సాల్వెంట్ మిషన్ వేరు, సన్న అక్షరం కొట్టే ఎకో సాల్వెంట్ వేరు. నేను రెండూ నడుపుతాను కాబట్టి చెప్తా ఉండా. ఎకో సాల్వెంట్ మీద స్టార్ ఫ్లెక్స్ వేస్తే 12 పాయింట్ల అక్షరం కూడా చక్కగా వస్తుంది. అడగాల్సిన మాట అదొక్కటే: "ఎకో సాల్వెంటా?" ఇంక తప్పులు ఎక్కడ జరుగుతాయంటే, ప్రింటు కాగానే తొందరపడి చుడతారు. ఇంకు ఆరక ముందే చుడితే బొమ్మ వీపుకు అంటుకుంటుంది. రాత్రంతా పరిచి ఉంచాల. చుట్టేటప్పుడు బొమ్మ బయటి వైపుకు ఉండాల. అప్పుడు బోర్డు మీద అంచులు గోడ వైపుకు వంగుతాయి, ముందుకు లేవవు. మెరిసే గ్లాసీ లామినేషన్ అడగొద్దు, ట్యూబ్‌లైటు పడి సగం పోస్టర్ తెల్లగా మెరుస్తుంది. మ్యాట్ చెప్పు. కంప్యూటర్లో మెరిసే ఆకుపచ్చ, వంకాయ రంగులు ప్రింటులో మసకబారతాయి. అందుకే ఏ4 మీద ఒక నమూనా తీయించి చూసుకో.

తులసికోట:
2022లో ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధం రాష్ట్ర ప్రభుత్వమే ప్రకటించింది. పర్యావరణం మీద పోస్టర్ కూడా పీవీసీ మీద కొట్టిస్తున్నారు, ఇది నాకు నిజంగా బాధగా ఉంటుంది. గుడ్డ మీద కూడా కొడతారు. మడిచి బ్యాగులో పెట్టుకోవచ్చు, నలిగితే తిరగేసి ఇస్త్రీ చేసుకోవచ్చు. రెండోసారి వాడుకోవచ్చు కూడా.

లీలామహల్_ప్రింట్:
గుడ్డ ఖరీదు ఎక్కువ మేడమ్. స్కాలర్లు ఇవ్వగలిగింది చూసి చెప్పాల కదా.

నిబంధనల_పుస్తకం:
పోస్టర్ గుడ్డా ఫ్లెక్సీనా అని కొట్టుకుంటున్నారు, అసలు దీనికి విలువెంతో ఎవరైనా చెప్పారా? పీహెచ్‌డీ సబ్మిషన్‌కి రెండు సదస్సుల సర్టిఫికెట్లు కావాలని అందరూ పరిగెత్తుతున్నారు. అది యూజీసీ 2016 నిబంధన. 2022 నవంబరులో వచ్చిన కొత్త నిబంధనల్లో ఆ షరతు తీసేశారు. మీ యూనివర్సిటీ తన ఆర్డినెన్సులో (సొంత నియమావళిలో) ఉంచుకొని ఉండొచ్చు, మీ రిజిస్ట్రేషన్ ఏ ఏడాదిదో చూసి డీన్ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. అసిస్టెంట్ ప్రొఫెసర్ షార్ట్‌లిస్టింగ్‌కి 2018 నిబంధనల పట్టిక 3ఏ తీసి చూడండి. పీహెచ్‌డీకి 30 మార్కులు, జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్)తో నెట్ పరీక్ష పాసైతే 7, ఒక్కో పేపర్‌కి 2 చొప్పున 10 దాకా, బోధన లేదా పోస్ట్‌డాక్ అనుభవం ఏడాదికి 2 చొప్పున 10 దాకా. సదస్సు సర్టిఫికెట్‌కి అందులో గడే లేదు.

పాకాల_జంక్షన్:
పట్టిక 2లో ఉంది కదా సార్? దేశంలో జరిగే అంతర్జాతీయ సదస్సుకి 5, జాతీయానికి 3, రాష్ట్ర స్థాయికి 2.

నిబంధనల_పుస్తకం:
అది ఉద్యోగంలో ఉన్న అధ్యాపకుల పరిశోధన స్కోరుకు. ఈ అబ్బాయి ఇంకా స్కాలర్. రెండు పట్టికలూ కలిపి చెప్పి పిల్లల్ని తప్పుదారి పట్టించొద్దు. అతనికి మార్కు వచ్చేది పోస్ట్‌డాక్‌తో, పేపర్‌తో. సదస్సు ఆ రెండింటికీ దారి వెతుక్కునే చోటు మాత్రమే.

పాకాల_జంక్షన్:
సరే, దారి గురించే చెప్తా. వలంటీర్‌గా పేరివ్వు నాయనా. రేణిగుంట విమానాశ్రయం నుంచి అతిథిని తీసుకొచ్చే డ్యూటీ అడుగు. అరగంట పైన కార్లో ఆయన పక్కనే ఉంటావు. సదస్సు మొత్తంలో అంత తీరిగ్గా ఆయన ఎవరికీ దొరకడు.

తులసికోట:
ఈ మాట చదివి ఊరుకోలేకపోతున్నా. వలంటీర్ అంటే కారు డ్యూటీ మగపిల్లలకు వస్తుంది. ఆడపిల్లలకు ఏం వస్తుంది? రిజిస్ట్రేషన్ టేబుల్, బ్యాగుల్లో పెన్నూ ప్యాడూ సర్దడం, ప్రారంభ సభలో పట్టుచీర కట్టుకొని జ్యోతి పళ్ళెం పట్టుకోవడం, బొకేలు అందించడం. మూడు రోజుల్లో ఒక్క సెషన్ వినరు. తమ సొంత పోస్టర్ దగ్గర నిలబడాల్సిన గంటలో భోజనం కూపన్లు చించుతూ ఉంటారు. జడ్జి వచ్చినప్పుడు పోస్టర్ దగ్గర మనిషి లేకపోతే పక్క బోర్డుకు వెళ్ళిపోతాడు. దీన్ని అవకాశం అనకండి.

పాకాల_జంక్షన్:
పని చేయకుండా సదస్సు ఎట్లా జరుగుతుందమ్మా? ఆతిథ్యం ఇచ్చే డిపార్ట్‌మెంట్ స్కాలర్లే చేయాల. అందరూ కుర్చీల్లో కూర్చుంటే మైకు ఎవరు పట్టుకుంటారు?

తులసికోట:
చేయమనే అంటున్నా సార్. పంచండి అంటున్నా. డ్యూటీ చార్టులో పూటకొకరు మారాలి, ఎవరి పోస్టర్ గంటలో వాళ్ళకు డ్యూటీ ఉండకూడదు. ఈ రెండు షరతులూ కన్వీనర్‌కి ముందే రాసివ్వమని ఈ అబ్బాయికీ చెప్తున్నా. అమ్మాయిలకు మరీ చెప్తున్నా.

పాకాల_జంక్షన్:
అన్ని డిపార్ట్‌మెంట్లూ అట్లా ఉండవు. మీరు అందరినీ ఒకే గాటన కడుతున్నారు.

ఏర్పేడు_రోడ్డు:
ఇద్దరూ ఆగండి. మేడమ్ చెప్పింది నిజం. వలంటీర్ డ్యూటీల్లో పనికొచ్చేవి రెండే, అవి పట్టుబట్టి అడగాల. ఒకటి సెషన్ డ్యూటీ: స్లైడ్లు ఎక్కించడం, టైము గంట కొట్టడం. ముందు వరుసలో కూర్చుంటావు, ప్రతి ఉపన్యాసకుడూ పెన్‌డ్రైవ్‌తో నీ దగ్గరికే వస్తాడు. రెండోది ఇంకా మంచిది, సెషన్ నివేదిక రాసే పని. దాన్ని ఎవరూ అడిగి తీసుకోరు. ఉపన్యాసకుడు చెప్పింది పది వాక్యాల్లో రాసి, "తప్పులుంటే సరిచేయండి సార్" అని ఆ రాత్రే ఆయనకు మెయిల్ చేయొచ్చు. జవాబు దాదాపు ఖాయం, ఎందుకంటే అందులో ఉన్నది ఆయన మాటలే.

చిత్తూరు_పల్ప్:
కంపెనీ సంగతి అందరూ వదిలేసినారు. స్టాల్ దగ్గర ఉండేవాళ్ళు అమ్మకాల మనుషులబ్బా, వాళ్ళకు బయోడేటా ఇస్తే కేటలాగుల కింద పడిపోతుంది. అడగాల్సింది ఏమిటంటే: ప్లాంటు ఎక్కడ, క్వాలిటీ హెడ్ ఎవరు, ట్రైనీలను ఎప్పుడు తీసుకుంటారు. మా చిత్తూరు మామిడి పల్ప్ ఫ్యాక్టరీల్లో తోతాపురి సీజన్ జూన్‌లో మొదలవుతుంది. క్వాలిటీ కంట్రోల్‌కి మనుషుల్ని ఏప్రిల్, మేలోనే చూసుకుంటారు. ఆగస్టులో వచ్చి అడిగితే ఏముంటుంది? బయోకెమిస్ట్రీ పీహెచ్‌డీ అయినా మొదటి ప్రశ్న బ్రిక్స్ (పల్ప్‌లో కరిగి ఉన్న చక్కెర లాంటి పదార్థాల కొలత) ఎంత, ఆమ్లత ఎట్లా కొలుస్తావు అనే. తోతాపురి మామూలు పల్ప్ 14 బ్రిక్స్, కాన్సెంట్రేట్ 28. బ్రిక్స్ కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ను శుద్ధమైన నీళ్ళతో సున్నాకు తెచ్చుకొని, ఉష్ణోగ్రత సరిచూసుకోవాల. హాసప్ (ఆహార భద్రత పద్ధతి) అంటే ఏమిటో, పల్ప్ లైన్లో కీలక నియంత్రణ స్థానం ఏదో చెప్పగలిగితే ఆ సంభాషణ రెండో నిమిషానికి మారిపోతుంది. నీ థీసిస్‌లో ఎంజైమ్ పని ఉంటే పండు గుజ్జును పలచన చేసే పెక్టినేజ్ ఎంజైమ్ గురించి రెండు మాటలు సిద్ధం చేసుకో.

బైరాగిపట్టెడ_స్కాలర్:
పెక్టినేజ్ కాదు కానీ పాలీఫినాల్ ఆక్సిడేజ్ మీద ఒక అధ్యాయం ఉంది.

చిత్తూరు_పల్ప్:
ఇంకేం కావాల! పల్ప్ నల్లబడేది దానివల్లనే కదా. ఏ ఉష్ణోగ్రతలో ఎన్ని నిమిషాలకు ఆ ఎంజైమ్ పని ఆగిపోతుందో నీ అంకెలు పోస్టర్‌లో పైనే పెట్టు. ఫ్యాక్టరీవాళ్ళు చదివేది ఆ గ్రాఫే.

అలిపిరి_మెట్టు:
ఒక సంగతి ఎవరూ చెప్పలేదు. తిరుపతి సదస్సుకు వచ్చేవాళ్ళలో చాలామంది రెండో రోజు మధ్యాహ్నం కొండకు పోతారు. నీ పోస్టర్ ఆ పూట పడితే జనం ఉండరు. మొదటి రోజుకు మార్చమని ఇప్పుడే అడుగు. అతిథికి దర్శనం సాయం చేస్తానని చివర్లో మాటివ్వొద్దు. 300 రూపాయల టికెట్లు నెలల ముందే ఆన్‌లైన్లో అయిపోతాయి. సర్వదర్శనం టోకెన్లు శ్రీనివాసం, విష్ణు నివాసం, భూదేవి కాంప్లెక్సుల్లో ఇస్తారు, ఆధార్ ఉండాల, ఆ రోజు కోటా అయిపోతే అంతే. చేయలేని మాట ఇచ్చి ఆయన ముందు తలదించుకోవడం కంటే ఆ సమాచారం కాగితం మీద రాసిస్తే మేలు.

నిబంధనల_పుస్తకం:
సదస్సు ఎవరిదో కూడా చూసుకో. తిరుపతి పేరు పెట్టుకొని జరిగేవన్నీ నిఖార్సైనవి కావు. ఒకే సదస్సులో ఇంజనీరింగు, యోగా, కామర్స్, జెనెటిక్స్ అన్నీ ఉన్నాయంటే, డబ్బు వ్యక్తిగత యూపీఐకి పంపమన్నారంటే, స్కోపస్ (పేరున్న పత్రికల జాబితా) ప్రచురణ గ్యారంటీ అన్నారంటే వదిలెయ్.

బైరాగిపట్టెడ_స్కాలర్:
మాది యూనివర్సిటీదే సార్, ఫీజు యూనివర్సిటీ ఖాతాకే. మరి కార్డులు?

కొర్లగుంట_ల్యాబ్:
కార్డులు వద్దు. పోస్టర్ కింద కుడి మూలన క్యూఆర్ పెట్టు, నీ ఆర్కిడ్ (పరిశోధకుల ఆన్‌లైన్ గుర్తింపు) పేజీకి. చదివే దూరంలో పదో వంతు వెడల్పు ఉండాల. 80 సెంటీమీటర్ల దూరం నుంచి తీయాలంటే 8 సెంటీమీటర్లు. ఉచిత డైనమిక్ క్యూఆర్ వాడొద్దు, గడువు అయిపోతే లింకు చచ్చిపోతుంది. స్టాటిక్ చేయించు. ప్రింటయినాక, అక్కడే షాపులో, రెండు వేరే ఫోన్లతో తీసి చూడు.

లీలామహల్_ప్రింట్:
క్యూఆర్ చుట్టూ తెల్లటి ఖాళీ వదలాల, అదీ రాయండి. రంగు నేపథ్యం మీద నేరుగా పెడితే చాలా ఫోన్లు పట్టుకోవు.

తులసికోట:
రెండువైపులా అంటుకునే టేపు, నాలుగు బైండర్ క్లిప్పులు నీ బ్యాగులోనే ఉంచుకో. నిర్వాహకులు ఇచ్చే గుండుసూదులు ఫ్లెక్సీలోకి దిగవు. డ్యూటీ చార్టు వచ్చిందా?

బైరాగిపట్టెడ_స్కాలర్:
ఇంకా రాలేదు మేడమ్. సెషన్ నివేదిక పని కావాలని, పోస్టర్ మొదటి రోజుకు మార్చమని కన్వీనర్ సార్‌కి ఇప్పుడే ఒకే మెయిల్‌లో రాశాను.