చలికాలంలో మూడు శిఖరాల సవాలు: ఐదుగురు మిత్రులం ఎలా సిద్ధపడాలి?

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. స్కాట్లండ్‌లోని బెన్ నెవిస్ (1345 మీటర్లు), ఇంగ్లండ్‌లోని స్కాఫెల్ పైక్ (978 మీటర్లు), వేల్స్‌లోని స్నోడన్ (1085 మీటర్లు), ఈ మూడింటినీ 24 గంటల్లో ఎక్కి దిగాలని మేము ఐదుగురు మిత్రులం అనుకుంటున్నాము. వేసవిలో జనం కిక్కిరిసి ఉంటారు కనుక ఫిబ్రవరి నడిమి వారాన్ని ఎంచుకున్నాము. రోజంతా నడవడం మాకు కొత్త కాదు. అయితే మాలో ఇద్దరు ఇంతవరకు మంచు మీద అడుగు పెట్టలేదు. కారు మేమే వంతులవారీగా నడుపుకోవాలన్నది ప్రస్తుత ఆలోచన. ఏ సామగ్రి తప్పనిసరి, ఏది అనవసరం, ఇంకా మేము ఆలోచించని విషయాలేమైనా ఉన్నాయా అన్నది అనుభవజ్ఞులు చెప్పగలరని ఆశిస్తున్నాను.

మొదటి సమాధానం

మీ ఉత్సాహానికి అడ్డుపుల్ల వేయాలని కాదు గానీ, అన్నిటికన్నా ముందు ఆ 24 గంటల షరతును వదిలేయండి. శిఖరాల మధ్య రోడ్డు ప్రయాణమే దాదాపు 740 కిలోమీటర్లు. అందుకు పది గంటలు తీసేస్తే నడకకు పద్నాలుగు గంటలు మిగులుతాయి. కొండ నడకకు పట్టే సమయాన్ని అంచనా వేసే 1892 నాటి నైస్మిత్ సూత్రం ప్రకారం ప్రతి 5 కిలోమీటర్ల దూరానికి ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎత్తుకు మరో గంట లెక్కవేయాలి. బెన్ నెవిస్ మామూలు దారి రానూపోనూ సుమారు 17 కిలోమీటర్లు కాబట్టి, ఆగకుండా నడిచినా అయిదున్నర గంటలు దాటుతుంది. ఇది పొడినేల లెక్క. మోకాలి లోతు మెత్తటి మంచులో ముందు నడిచేవారు దారి తొక్కుకుంటూ పోవాల్సి వస్తే ఈ సూత్రం ఎందుకూ కొరగాదు. పైగా ఫిబ్రవరి నడుమ అక్కడ పగటి వెలుగు తొమ్మిదిన్నర గంటలకు మించి పెద్దగా ఉండదు. అంటే మూడింటిలో కనీసం ఒక శిఖరాన్ని, బహుశా రెండింటిని, మీరు చీకట్లో, అలసటతో, నిద్రలేని కళ్లతో ఎక్కుతారు. అదే సవాలును మూడు పగళ్లకు పంచుకుంటే దాని గౌరవమేమీ తగ్గదు.

బెన్ నెవిస్ గురించి మరికొంత వివరంగా చెప్పాలి. శిఖరం మీద 1883 నుంచి 1904 వరకు నడిచిన వాతావరణ పరిశోధనశాల నమోదుల ప్రకారం అక్కడి సగటు వార్షిక ఉష్ణోగ్రత సున్నాకు కాస్త దిగువనే ఉంది. కింద లోయలో చినుకులు పడుతున్న రోజున పైన మంచు తుఫాను ఉండడం అక్కడ మామూలే. ఎక్కడంకన్నా దిగడంలోనే ప్రమాదం ఎక్కువ. పైభాగం చదునుగా ఉంటుంది. మబ్బు కమ్మితే నేలా ఆకాశమూ ఒకే తెలుపుగా కలిసిపోయి, అంచు ఎక్కడుందో కంటికి తెలియదు. శిఖరం మీది సర్వే స్తంభం నుంచి 231 డిగ్రీల గ్రిడ్ బేరింగ్‌లో (అంటే మ్యాపు మీది నిలువు గీతల ఉత్తరం నుంచి కొలిచిన దిశలో) 150 మీటర్లు నడిచి, ఆ తరువాత 282 డిగ్రీలకు తిరిగి, ఆ చదును దాటేవరకు అదే దిశను పట్టుకోవాలి. మొదటి 150 మీటర్లను ఎగ్గొట్టి నేరుగా 282 పట్టినవారికి ఎదురయ్యేది గార్డీలూ గల్లీ అనే నిటారు ఇరుకు లోయ. ఎడమకు మరీ ఒరిగినవారికి ఫైవ్ ఫింగర్ గల్లీ అనే మరో లోయ. ఉత్తరపు అంచున గాలికి పేరుకున్న మంచు చూరులా బయటికి వేలాడుతూ ఉంటుంది, దాని కింద రాయి ఉండదు. కాబట్టి 150 మీటర్లకు తమ అడుగులు ఎన్ని పడతాయో మీ ఐదుగురూ ఇంటి దగ్గరే లెక్కపెట్టుకుని ఉంచుకోండి. ఫోన్‌లోని మ్యాప్ మంచిదే, అయితే చలికి బ్యాటరీ ఉన్నట్టుండి చచ్చిపోతుంది. కాగితపు మ్యాపు, దిక్సూచి కనీసం ఇద్దరి దగ్గర ఉండాలి.

రెండవ సమాధానం

సామగ్రి విషయంలో నాది కాస్త కరకు అభిప్రాయం. బూట్లకు తొడిగే చిన్న ముళ్ల గొలుసులు గడ్డకట్టిన చదును బాటలకే పనికివస్తాయి. ఏటవాలు గట్టి మంచు మీద సరైన క్రాంపాన్లు (బూట్ల అడుగున బిగించే పొడవాటి ఇనుప ముళ్ల చట్రాలు), వాటికి సరిపడే గట్టి అడుగున్న బూట్లు, ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి) లేకుండా వెళ్లకూడదు. కొంటే సరిపోదు. జారినప్పుడు ఐస్ యాక్స్‌తో ఆగడం చదివి నేర్చుకునే విద్య కాదు. వింటర్ మౌంటెన్ లీడర్ అర్హత ఉన్న శిక్షకుల దగ్గర, కింద ప్రమాదం లేని వాలు మీద, వెల్లకిలా, బోర్లా, తలకిందులుగా పడుతూ చేతికి అలవాటయ్యేదాకా చేయాలి. ఆ ఇద్దరు మిత్రులకే కాదు, ఐదుగురికీ ఇది అవసరం.

చేతి తొడుగులు ఒక్కొక్కరికి రెండు మూడు జతలు ఉండాలి. క్రాంపాన్ పట్టీ బిగించేటప్పుడు లోపలి పలుచని తొడుగు తడుస్తుంది, ఆ తడి మీద గాలి తగిలితే వేళ్లు పట్టు తప్పుతాయి, రెండో పట్టీ బిగించడానికి ఇక వేళ్లు వంగవు. సున్నాకు దిగువన 10 డిగ్రీలున్నప్పుడు గంటకు 40 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి తెలిసే చలి మైనస్ 21 అని మరువకండి. నీళ్ల గొట్టం గడ్డకడుతుంది కనుక సీసానే తీసుకెళ్లి, మూత కిందికి వచ్చేట్టు సంచిలో పెట్టండి. మంచు పైభాగం నుంచి కడుతుంది, మూత దగ్గర నీరు నీరుగానే ఉంటుంది. అందరూ కలిసి దూరి కూర్చునే గుడ్డ గుడారం లాంటి గ్రూప్ షెల్టర్ ఒకటి తప్పక ఉండాలి. ఇక ట్రెక్కింగ్ కర్రల మీద, ఖరీదైన గడియారాల మీద చర్చ ఎంతైనా చేయవచ్చు, అవి లేకపోయినా నడక సాగుతుంది.

ప్రశ్న అడిగినవారు

ఇంత శ్రద్ధగా రాసినందుకు ఇద్దరికీ కృతజ్ఞతలు. మిత్రులతో మాట్లాడి ప్రయత్నాన్ని మూడు రోజులకు మార్చుకున్నాము, శిక్షణకు కూడా ఒప్పుకున్నారు. మిగిలిన రెండు శిఖరాలు తక్కువ ఎత్తువి కాబట్టి వాటి విషయంలో కొంత నిశ్చింతగా ఉండవచ్చా?

మూడవ సమాధానం

నిశ్చింత వద్దండి. స్నోడన్‌కు లాన్‌బెరిస్ దారి అన్నిటికన్నా సులువని పేరు. కానీ చలికాలంలో క్లాగ్విన్ కోక్ అనే చోట కొండ రైలుపట్టాల పక్క వాలు గట్టి మంచుగా మారి, జారినవారిని నేరుగా కొండ అంచుకు తీసుకుపోతుంది. అక్కడ ప్రాణాలు పోయిన సందర్భాలు ఉన్నాయి. స్కాఫెల్ పైక్ మీద చిక్కు వేరు: పొగమంచులో దిగుతూ లింగ్‌మెల్ కోల్ అనే కనుమ దగ్గర దారి తప్పినవారు పియర్స్ గిల్ అనే ఇరుకు లోయలోకి దిగి, కిందికి పోలేక, పైకి రాలేక చిక్కుకుంటారు.

మిత్రబృందాలలో నేను తరచుగా గమనించేది మొహమాటం. అలసినవారు తమ వల్ల అందరి ప్రయాణం ఆగుతుందని నోరు మెదపరు. అందుకే వెనుదిరిగే సమయాన్ని బయలుదేరే ముందు రోజే రాసుకోండి, ఆ గంట కొట్టాక శిఖరం కనుచూపు మేరలో ఉన్నా తిరగాలి. ఏ ఒక్కరు వద్దన్నా చర్చ లేకుండా తిరగాలి. ఉదయం మౌంటెన్ వెదర్ ఇన్ఫర్మేషన్ సర్వీస్ సూచనను, బెన్ నెవిస్‌కైతే మంచు చరియల ప్రమాదాన్ని తెలిపే స్కాటిష్ అవలాంచ్ ఇన్ఫర్మేషన్ సర్వీస్ వారి లోకాబర్ ప్రాంత నివేదికను కూడా చదవండి. కారు నడపడానికి కొండ ఎక్కని ఆరో మిత్రుడు దొరికితే అంతకన్నా మేలు లేదు.

శారీరక సాధనలో ఎక్కడానికి ఇచ్చినంత శ్రద్ధ దిగడానికీ ఇవ్వండి. తొడ కండరాలు నొప్పెట్టేది దిగేటప్పుడే. అసలు రోజు మోయబోయే బరువుతోనే, అదే బూట్లతో, కొన్నిసార్లు చీకట్లో హెడ్ టార్చ్ వెలుగులో నడవండి. ఆపదలో 999కు ఫోన్ చేసి ముందు పోలీసులను, ఆపై మౌంటెన్ రెస్క్యూను అడగాలి. సిగ్నల్ లేకపోతే నిమిషంలో ఆరుసార్లు ఈల ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఊదాలి. మూడు ఈలలు వినిపిస్తే అది మీకు జవాబు; అయినా సహాయకులు మిమ్మల్ని చేరేదాకా ఊదడం ఆపవద్దు.